కొత్త చిమ్మటల గుంపు దొరికిందనిపిస్తే: వర్ణన, వర్గీకరణ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మూడు సీజన్లుగా రాత్రిపూట తెల్లగుడ్డ కట్టి, లైటు పెట్టి చిమ్మటలు సేకరిస్తున్నారు. ముందురెక్క ఐదారు మిల్లీమీటర్లు మించని బూడిదరంగు చిమ్మటలు నాలుగు రకాలు దొరికాయి. వాటిలో అవి దగ్గరగానే ఉన్నాయి కానీ మీరు తిరగేసిన ఏ పుస్తకంలోనూ వాటి పోలిక లేదు. డీఎన్ఏ బార్‌కోడ్ (ఒక చిన్న జన్యు ముక్కను చదివి డేటాబేస్‌తో పోల్చే పద్ధతి) చేయిస్తే అతి దగ్గరి పోలిక 91 శాతం దగ్గర ఆగిపోయింది. ఇది కొత్త ప్రజాతా, కొత్త కుటుంబమా, దీన్ని ఎలా వర్ణించి ప్రచురించాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇవి కొత్త జాతులయ్యే అవకాశం బాగా ఉంది. ఇంత చిన్న చిమ్మటల్లో ఇంకా పేరు పెట్టనివి చాలా ఉన్నాయి. కొత్త ప్రజాతి కూడా కావచ్చు. కొత్త కుటుంబం అనే మాట మాత్రం ఇప్పుడే ఎవరితోనూ అనకండి. మీ మీద నమ్మకం లేక కాదు. ఇరవై ఏళ్లకు పైగా మైక్రోస్కోపు ముందు కూర్చున్న నాకు తెలిసింది ఒకటే: ఒక చిమ్మట ఎంత వింతగా ఉందన్నది దాని స్థానాన్ని నిర్ణయించదు. దాని చుట్టాలెవరో చూపించగలిగినప్పుడే అది కొత్త గుంపు. "దేనితోనూ కలవడం లేదు" అన్న దగ్గర పని అయిపోయినట్టు కాదు, అసలు పని అక్కడే మొదలైనట్టు.

ఇది ఎందుకంత గట్టిగా చెప్తున్నానో రెండు ఉదాహరణలు చూడండి. 2005లో డెన్మార్క్‌కు చెందిన మైకేల్ ఫిబిగర్ అతి చిన్న చిమ్మటల కోసం మైక్రోనాక్టుయిడే అనే కొత్త కుటుంబాన్ని ప్రతిపాదించారు. నాక్టుయిడ్‌ల తరహా చిమ్మటల్లో (ఎరెబిడే వంటి కుటుంబాలున్న పెద్ద గుంపు) అంత చిన్నవి లేవు. రెక్కల ఈనెలు బాగా తగ్గిపోయాయి, చూడగానే ప్రత్యేకంగా ఉంటాయి. ఆయన చాలా ఓపికతో వాటిలో వందల కొత్త జాతులను వర్ణించారు. తర్వాత జహీరీ అనే పరిశోధకుడి బృందం అనేక జన్యువులతో వంశవృక్షం కట్టి చూస్తే ఇవన్నీ ఎరెబిడే కుటుంబంలో, హైపెనోడినే అనే ఉపకుటుంబం లోపల ఒక చిన్న కొమ్మగా తేలాయి. 2012 నుంచి ఆ గుంపు మైక్రోనాక్టుయిని, అంటే ఒక ట్రైబ్ (ఉపకుటుంబానికి కింద, ప్రజాతికి పైన ఉండే స్థాయి) మాత్రమే. ఫిబిగర్ చూసిన లక్షణాల్లో తప్పులేదు, అవన్నీ నిజమే. శరీరం చిన్నదయ్యే కొద్దీ ఈనెలు తగ్గిపోవడం చాలా వంశాల్లో విడివిడిగా జరుగుతుంది. కాబట్టి ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపించినా, అది దూరాన్ని కొలవదు. ఆ మార్పు వల్ల ఆయన వర్ణించిన జాతులు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంకో మాట, ఒక గుంపు స్థాయి తగ్గినా పేరు పెట్టిన ఘనత పోదు. జంతువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమావళి ప్రకారం ఆ ట్రైబ్ పేరు పక్కన ఇప్పటికీ ఫిబిగర్, 2005 అనే రాస్తారు.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు కథ. ఆస్ట్రేలియాలోని కంగారూ దీవిలో కాలిట్రిస్ అనే సైప్రస్ పైన్ చెట్ల మీద చిన్న చిమ్మట ఒకటి దొరికింది. రెక్కల మీద బంగారు, ఊదా రంగుల మెరుపు. కోశం నుంచి బయటికి వచ్చాక ఒక్క రోజులో జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. 2015లో నీల్స్ క్రిస్టెన్సెన్, ఇతర పరిశోధకులు దానికి ఎనిగ్మాటినియా గ్లాట్జెల్లా అని పేరు పెట్టి, ఎనిగ్మాటినీడే అనే కొత్త కుటుంబాన్ని స్థాపించారు. ఉన్నది ఒకే ఒక్క జాతి. అయినా ఆ కుటుంబాన్ని అందరూ ఒప్పుకున్నారు. ఎందుకంటే వాళ్లు "ఇది వింతగా ఉంది" అని ఆగలేదు. తల, నోటి భాగాలు, రెక్కలు, జననాంగాలు, గొంగళిపురుగు దశ అన్నీ విప్పి చూశారు. జన్యువులతో పోల్చారు. చిమ్మటల వంశవృక్షంలో చాలా పాత కొమ్మల మధ్య దాని చోటు చూపించారు. ఇప్పటికే ఉన్న ఏ కుటుంబంలో కలిపినా ఆ కుటుంబానికి నిర్వచనం మిగలదని తేలింది.

ఇక్కడ ఒక సూత్రం బాగా అర్థం కావాలి. రెండు చిమ్మటలకు ఒకే లక్షణం ఉన్నంత మాత్రాన అవి ఒక గుంపు కావు. ఆ లక్షణం తాతముత్తాతల నాటిదా, లేక ఆ గుంపు పూర్వీకుడిలో కొత్తగా పుట్టిందా అన్నది తేల్చాలి. దవడలనే తీసుకోండి. చిమ్మట అనగానే చుట్టుకున్న నాలుక గుర్తొస్తుంది కానీ, మైక్రోప్టెరిగిడే, అగాథిఫాగిడే, హెటెరోబాత్మియిడే అనే మూడు కుటుంబాల్లో ఎదిగిన చిమ్మటలకు ఇప్పటికీ దవడలున్నాయి. మూడింటినీ కలిపి "దవడల చిమ్మటలు" అని ఒక పెట్టెలో పెట్టాలనిపిస్తుంది. పెట్టకూడదు. దవడలు వాటి పూర్వీకులకూ ఉన్నాయి. ఈ మూడూ వాటిని పోగొట్టుకోలేదంతే. కొత్తగా పంచుకున్నదేమీ అందులో లేదు. అందుకే ఈ మూడింటినీ విడివిడి ఉపక్రమాలుగా ఉంచారు. ఒక అవయవం పోవడం కూడా బలహీనమైన సాక్ష్యమే. నాలుక కుదించుకుపోవడం, ఈనెలు తగ్గడం, ఆడవాటికి రెక్కలు పోవడం, ఇవన్నీ చాలాసార్లు, చాలాచోట్ల జరిగాయి.

అందుకే మీ నాలుగు రకాల్లో ఏది లేదో వెతకడం కంటే, నాలుగింట్లోనూ ఉండి మరెక్కడా లేనిది ఏదో వెతకండి. అది ఒక్కటి దొరికినా మీ గుంపు నిలబడుతుంది.

మొదట చూడాల్సింది చెవి. ఇది నా అనుభవంలో చాలా సమయం ఆదా చేసే పరీక్ష. నాక్టుయిడ్ తరహా చిమ్మటలకు చెవి రొమ్ము వెనుక భాగంలో, పొట్ట మొదలయ్యే చోటికి కాస్త ముందు ఉంటుంది. జియోమెట్రిడ్‌లు, పైరలాయిడ్‌లు అనే వేరే రెండు గుంపులకు పొట్ట మొదట్లో ఉంటుంది. పైరలాయిడ్‌లలోనే మళ్లీ, ఆ రెండు చెవుల మధ్య చిన్న మడతలాంటి భాగం ఉంటే క్రాంబిడే, లేకపోతే పైరాలిడే. తర్వాత నాలుక మొదట్లో పొలుసులున్నాయా అని చూడండి. ఉంటే చాలావరకు జెలిచియాయిడ్‌లు (చిన్న చిమ్మటల మరో గుంపు) లేదా పైరలాయిడ్‌లు. తర్వాత కంటి పక్కన ఒసెల్లస్ అనే చిన్న కన్ను, పాల్పుల (నోటి పక్కన ఉండే చిన్న స్పర్శాంగాల) ఆకారం. వెనుకరెక్క మొదట్లో ఉండే ముల్లు కూడా చూడండి. సాధారణంగా మగదానికి అది ఒక్కటే దృఢంగా ఉంటుంది, ఆడదానికి రెండు, మూడు సన్నవి ఉంటాయి. పొట్ట కోయకుండానే మగా ఆడా తెలిసిపోతుంది. ఇదంతా ఒక సాయంత్రం పని. దీనితో మీ చిమ్మటలు ఏ మహాకుటుంబంలో వెతకాలో తెలుస్తుంది. అది తెలియకుండా పుస్తకాల్లో బొమ్మలు తిరగేయడం వల్లే చాలామందికి "ఎక్కడా లేదు" అనిపిస్తుంది.

రంగును మాత్రం నమ్మకండి. బిస్టన్ బెటులారియా అనే చిమ్మటలో తెలుపు మీద నల్ల చుక్కలున్న రూపం, పూర్తి నల్ల రూపం ఒకే జాతి. లైమాంట్రియా డిస్పార్ అనే చిమ్మటలో మగది గోధుమరంగు, ఆడది తెల్లటిది. ఆ తేడా వల్లే దానికి డిస్పార్, అంటే పోలిక లేనిది, అనే పేరు వచ్చింది. మీరు నాలుగు రకాలంటున్నవి రెండు జాతుల మగా ఆడా కావచ్చు. ఒకే జాతికి రెండు సీజన్ల రూపాలూ కావచ్చు.

ఆ అనుమానం తీర్చేది జననాంగాల పరీక్ష. మొదటిసారి చేయబోతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఎండిన చిమ్మట పొట్టను సన్నటి ఫోర్సెప్స్‌తో కిందికి నెమ్మదిగా వంచితే విడివడుతుంది. దాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి వేడి చేయండి, లేదా రాత్రంతా అలా వదిలేయండి. తొందర ఉన్నా లేకున్నా నేను రాత్రంతా వదిలేసే పద్ధతే పాటిస్తాను, ఎందుకంటే అంత చిన్న పొట్ట వేడిలో ఇట్టే కరిగి పాడవుతుంది. పొద్దున్నే చూస్తే కండ, కొవ్వు కరిగి, గోధుమరంగు తేనెలాంటి పారదర్శకమైన సంచి మిగులుతుంది. నీళ్లలోకి మార్చి మెత్తని కుంచెతో పొలుసులు తోమేయాలి. అవి పొగలా లేచి నీళ్లంతా మసకబారుతుంది, రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలి. మగదైతే చివర్లో రెండు వైపులా చేతుల్లా తెరుచుకునే వాల్వాలు, పైన కొక్కెంలా అంకస్ కనిపిస్తాయి. మధ్యలోని గొట్టం ఫాలస్. దాన్ని విడదీసి, లోపల మడిచి ఉన్న వెసికా అనే పొరను బయటికి ఉబ్బించగలిగితే మీరు నిజంగా నేర్చుకున్నట్టు. చాలా గుంపుల్లో రెండు దగ్గరి జాతులను విడదీసేది ఆ పొర మీది ముళ్ల వరుసే. ఆడదానిలో బుర్సా సంచి, దాని గోడ మీద సిగ్నమ్ అనే గట్టి మచ్చ చూడాలి. క్లోరజోల్ బ్లాక్ అనే రంగు ఒక్క చుక్క వేస్తే పొరలు నీలినలుపులో తేలతాయి. తర్వాత యూపరాల్ అనే జిగురులాంటి ద్రవంలో స్లైడు మీద అమర్చండి. స్లైడుకు ఒక సంఖ్య ఇవ్వండి, అదే సంఖ్య ఉన్న చీటీని చిమ్మట సూదికి గుచ్చండి, రెండూ ఆ నిమిషమే. రేపు రాద్దామనుకున్న చీటీలే తారుమారవుతాయి.

ప్రతి రకంలో కనీసం నాలుగైదు మగవాటిని ఇలా చూడండి. ఒకే ఒక్క స్లైడు చూసి కొత్త జాతి అంటే, అది ఆ ఒక్క చిమ్మట తేడానో జాతి తేడానో చెప్పలేరు. వాల్వా కాస్త పక్కకు తిరిగి అమరినా ఆకారం మారినట్టు కనిపిస్తుంది.

ఇక బార్‌కోడ్ విషయం. 2003లో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన ఈ పద్ధతిలో సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులో 658 అక్షరాల ముక్కను చదువుతారు. జాతులను గుర్తించడానికి, మగా ఆడా జతపరచడానికి, గొంగళిపురుగు ఏ చిమ్మటదో తేల్చడానికి ఇది గొప్ప సాధనం. కానీ మీ 91 శాతం మీరు అనుకున్నది చెప్పడం లేదు. ఆ ముక్క వేగంగా మారుతుంది. కొంత దూరం వెళ్లాక ఒకే స్థానంలో మార్పు మీద మార్పు జరిగి, పాత జాడ చెరిగిపోతుంది. అందుకే ఒకే ప్రజాతిలోని జాతుల మధ్య కూడా ఏడెనిమిది శాతం తేడా రావచ్చు, వేర్వేరు కుటుంబాల మధ్య తేడా దానికి మరీ ఎక్కువ ఉండకపోనూవచ్చు. పైగా 91 అంటే డేటాబేస్‌లో ఉన్నవాటితో పోలిక. మీ చిమ్మటల అసలు చుట్టం పేరు 120 ఏళ్ల క్రితమే పెట్టి ఉండి, దాని బార్‌కోడ్ ఇంకా ఎవరూ చేయించకపోయి ఉండవచ్చు. వొల్బాకియా అనే బ్యాక్టీరియా సోకినప్పుడు మైటోకాండ్రియా జన్యువు ఒక జాతి నుంచి ఇంకో జాతిలోకి పాకినట్టు కనిపించడం, ఒకే జాతి రెండుగా విడిపోయినట్టు కనిపించడం కూడా ఉన్నాయి. ప్రజాతి, కుటుంబం స్థాయిలో మాట్లాడాలంటే కేంద్రక జన్యువులు కావాలి. కవహారా బృందం 2019లో 186 జాతుల నుంచి 2,098 జన్యువులు తీసుకుని మొత్తం లెపిడోప్టెరా (చిమ్మటలు, సీతాకోకచిలుకల క్రమం) వృక్షం కట్టారు. మీకు అంత అవసరం లేదు. ఏడెనిమిది కేంద్రక జన్యువులు, సరైన చుట్టాల నమూనాలు ఉంటే చాలు. ఆ చుట్టాలను ఎంచుకోవడానికి మళ్లీ చెవి, ఈనెలు, జననాంగాల దగ్గరికే రావాలి.

వర్గీకరణలో కొత్తవాళ్లు దాదాపు అందరూ మర్చిపోయే విషయం ఒకటుంది. మీరు కొత్త ప్రజాతిని వేరు చేస్తే, పాత ప్రజాతిలో మిగిలిందేమిటి? ఒక వృక్షంలో మధ్య కొమ్మను నరికి "ఇది వేరే" అంటే, రెండు పక్కల మిగిలిన కొమ్మలు ఒక గుంపుగా నిలవవు. ఆర్క్టియిడే, లైమాంట్రియిడే ఎంతోకాలంగా అందరికీ తెలిసిన కుటుంబాలు. వెంట్రుకల గొంగళిపురుగులు, తేలిగ్గా గుర్తుపట్టే చిమ్మటలు. కానీ అవి ఎరెబిడ్‌ల మధ్యలోంచే వచ్చాయని తేలాక వాటిని కుటుంబాలుగా ఉంచితే మిగతా ఎరెబిడేకు అర్థం ఉండదు. అందుకే ఇప్పుడవి ఆర్క్టియినే, లైమాంట్రియినే అనే ఉపకుటుంబాలు. చాలామంది పాతవాళ్లకు ఇది కష్టంగా అనిపించింది, నాకూ అనిపించింది. కానీ సరైన పని అదే. దక్షిణ, మధ్య అమెరికాలోని హెడిలిడే కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. రాత్రిపూట ఎగిరే ఈ సన్నని జీవులను జియోమెట్రిడ్ చిమ్మటల్లో చేర్చారు. 1986లో మాల్కమ్ స్కోబుల్ వాటి శరీర నిర్మాణం చూసి ఇవి సీతాకోకచిలుకల దగ్గరివి అన్నారు. తర్వాత జన్యువులూ వాటిని సీతాకోకచిలుకల మధ్యలోనే నిలబెట్టాయి.

మీ సాక్ష్యాలు నిలబడ్డాయనుకుందాం. అప్పుడు పేరు పెట్టే పని వస్తుంది. జంతువుల శాస్త్రీయ నామాలు లినేయస్ 1758 గ్రంథం నుంచి లెక్క. ఇప్పుడు నడుస్తున్నది 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నియమావళి నాలుగో ముద్రణ. ప్రతి కొత్త జాతికి దాని పేరుకు ఆధారమైన టైప్ నమూనాను స్పష్టంగా చూపాలి (హోలోటైప్ అని ఒకే ఒక్కదాన్ని చూపడమే మేలు), అది ఏ సేకరణలో ఉంటుందో రాయాలి. కొత్త ప్రజాతికి టైప్ జాతి, అంటే ఆ ప్రజాతి పేరుకు ఆధారమైన జాతి, ఒకటి చెప్పాలి. కుటుంబం పేరు గాలిలోంచి రాదు, ఒక ప్రజాతి పేరుకు "ఇడే" చేర్చి కట్టాలి. ఉపకుటుంబానికి "ఇనే", ట్రైబ్‌కు "ఇని". ప్రజాతి పేరు జంతువుల్లో మరెక్కడా వాడి ఉండకూడదు. మీకు నచ్చిన పేరు ఏ పీతకో, ఏ నత్తకో ముందే పెట్టి ఉండవచ్చు, కాబట్టి వెతికి చూసుకోండి. చిన్న చిమ్మటలకు "ఎల్లా", ఆకుచుట్టు చిమ్మటలకు "అనా", పైరలాయిడ్‌లకు "అలిస్" అని ముగించడం లినేయస్ నాటి నుంచి వస్తున్న అలవాటు. నియమం కాదు కానీ, పేరు వినగానే ఏ తరహా చిమ్మటో తెలుస్తుంది కాబట్టి నాకు ఇష్టం.

రాసేటప్పుడు వర్ణన కంటే తేడాల పేరా ముఖ్యం. మీ చిమ్మటకు ఎన్ని పొలుసులున్నాయో రెండు పేజీలు రాసినా ఉపయోగం లేదు, "ఫలానా ప్రజాతి నుంచి దీన్ని వేరు చేసేది వాల్వా కింది అంచున ఉన్న ఈ ముల్లు" అన్న ఒక్క వాక్యం లేకపోతే. ఆ వాక్యం రాయాలంటే ఆ ఫలానా ప్రజాతి టైప్‌ను మీరు చూసి ఉండాలి, కనీసం దాని స్లైడు ఫొటో అయినా. పాత వర్ణనలు చాలా చిన్నవి. ఫ్రాన్సిస్ వాకర్ 1850లు, 60లలో బ్రిటిష్ మ్యూజియం సేకరణలోని వేల కీటకాలకు పేర్లు పెట్టారు. ఒకే జాతికి రెండు మూడు పేర్లు పడిన సందర్భాలూ ఉన్నాయి. ఆ నాలుగు లైన్లు చదివి "ఇది నాది కాదు" అని తేల్చడం కుదరదు. మ్యూజియానికి రాయండి. టైప్‌ల ఫొటోలు అడిగితే పంపేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నదే. మొదట్లో ఆడ చిమ్మటలు మూడే దొరికితే, వెనుకరెక్క ఈనెలు చూసి కొత్త ప్రజాతి అని వ్యాసం మొత్తం రాసేశాను. పత్రిక తరఫున వ్యాసాన్ని పరిశీలించినాయన ఒకే మాట అడిగాడు: మగది ఏది? నాకు చాలా కోపం వచ్చింది. ఏడాదిన్నర తర్వాత ఒక సేకరణలో డ్రాయరు తెరిస్తే, అదే చోటు, అదే నెల, అదే చీటీతో మగవి కనిపించాయి. 60 ఏళ్లుగా వేరే పేరుతో అక్కడే ఉన్నాయి. ఆ జాతిలో ఆడవాటి రెక్కలు కుంచించుకుపోతాయి, ఈనెలు మారడానికి కారణం అదే. ఆ ప్రశ్న అడిగినాయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఆ పేరు అచ్చయి ఉంటే దాన్ని సరిచేయడానికి ఇంకొకరు వ్యాసం రాయాల్సి వచ్చేది.

ప్రచురణ గురించి క్లుప్తంగా చెప్తాను. 2012 నుంచి ఎలక్ట్రానిక్ ప్రచురణ కూడా చెల్లుతుంది, కానీ వ్యాసం ముందే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టికలో) నమోదై, ఆ నమోదు వ్యాసంలో కనిపించాలి. సోషల్ మీడియాలో ఫొటోతో పాటు పేరు ప్రకటిస్తే అది చెల్లదు, అయోమయం మాత్రం మిగులుతుంది. బార్‌కోడ్‌లు బోల్డ్ అనే బార్‌కోడ్ డేటాబేస్‌లో, మిగతా జన్యువులు జెన్‌బ్యాంక్ అనే జన్యు డేటాబేస్‌లో నమూనా సంఖ్యలతో సహా పెట్టండి.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది ఇది. ఇకపై దొరికే ప్రతిదానికీ ఒక కాలు తీసి ఆల్కహాల్‌లో వేరుగా దాచండి, మిగతా చిమ్మటను రెక్కలు పరిచి ఎండబెట్టండి. చీటీ మీద చోటు, ఎత్తు, తేదీ, పట్టిన పద్ధతి అదే రాత్రి రాయండి. ఆడవి దొరికితే ఒకటి రెండింటిని గుడ్లు పెట్టేవరకు బతికించి చూడండి. గొంగళిపురుగు ఏం తింటుందో తెలిస్తే సగం చుట్టరికం తెలిసినట్టే. ముందుగా మగవి నాలుగు రకాల్లోనూ ఒక్కోటి తీసి, పొట్ట మొదటి భాగం, వెనుకరెక్క ఈనెలు, వాల్వాలు కనిపించేలా ఫొటోలు పెట్టండి. వెనుకరెక్క మీద పొలుసులు పోవడానికి కాస్త బ్లీచ్ ద్రావణంలో నిమిషం ఉంచితే చాలు, అంతకంటే ఎక్కువసేపు ఉంచకండి. ఆ ఫొటోలు చూశాక ఏ ప్రజాతుల టైప్‌లు అడగాలో చెప్పగలను.